అంట యూనుస్ జామీను

జమ్మలమడుగు బస్టాండులో దిగి టీవీ యూనుస్ ఇల్లెక్కడని అడిగితే, ఏ యూనుస్ అని మిమ్మల్నే తిరిగి అడుగుతారు. అంట యూనుస్ అనండి, ఆటో అతను ఇంకో మాట లేకుండా ఇంటి ముందర దింపి పోతాడు. అది ఊరు పెట్టిన పేరు. ఊరు ఊరికే పేరు పెట్టదు.

యూనుస్ ఏ కబురు చెప్పినా కొసన అంట తగిలిస్తాడు. మైలవరం డ్యాం గేట్లు ఎత్తుతారంట. రేపు కరెంటు ఉండదంట. ఫలానా వాళ్ళ పెళ్ళి ఆగిపోయిందంట. తన కళ్ళతో చూసినదానికి మాత్రం అంట ఉండదు. తడిసి వచ్చి గడపలో నిలబడితే "వాన పడతాంది" అంటాడు. అదే పులివెందుల నుంచి కూతురు ఆస్మా ఫోను చేసి ఇక్కడ వాన పడుతోందని చెబితే, పక్కనున్న భార్యతో "పులివెందుల్లో వాన పడతాందంట" అంటాడు. కడుపున పుట్టిన బిడ్డ మాటకు కూడా అంటేనా అని ఖమ్రున్నీసాకు ఒళ్ళు మండుతుంది. నిఖా ఖాయమైన రోజున స్నేహితులతో "నాకు పెండ్లంట" అన్నాడని కూడా జమ్మలమడుగులో చెప్పుకుంటారు. అదీ ఒక అంటే కాబట్టి నమ్మి తీరాలని లేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ అంట వెనక ఒక చావు ఉంది. చచ్చినవాడు బతికే ఉన్నాడు కాబట్టి దానికీ నవ్వవచ్చు.

యూనుస్ పుట్టింది ప్రొద్దుటూరులో. తండ్రి టైలరు. కొడుక్కి కత్తెర పట్టడం రాలేదు గానీ దేవుడు గొంతు ఇచ్చాడు. మీసాలు మొలిచే వయసుకే ఆటోలో మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. కొత్త సినిమా, కొత్త బట్టల అంగడి, తప్పిపోయిన పిల్లవాడు, కాలం చేసిన పెద్దమనిషి, అన్నీ ఆ గొంతులోంచే ప్రొద్దుటూరుకు తెలిసేవి. ఒకరోజు ఎవరో వచ్చి, బజారులో బట్టల అంగడి శెట్టి పోయినాడు, చాటించమన్నాడు. యూనుస్ గొంతు తగ్గించి, బరువు పెంచి, శెట్టిగారు స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తున్నామంటూ బయలుదేరాడు. శెట్టి ఇంటి వీధిలో ఆడవాళ్ళు బయటికొచ్చి గుండెలు బాదుకున్నారు. ఆటో మలుపు తిరిగి బజారులోకి వచ్చేసరికి, స్వర్గస్థుడు తన అంగడి ముందరే నిలబడి, బట్ట కొలిచే కడ్డీ చేత్తో పట్టుకుని, తన చావు కబురు శ్రద్ధగా వింటున్నాడు. పోయింది అదే పేరున్న ఇంకో శెట్టి.

తన్నులు తప్పవనుకున్నాడు యూనుస్. శెట్టి టీ తెప్పించాడు. ఎవరు చెప్పినారు నీకు అని అడిగాడు. ఎవరో మనిషి, పేరు తెలియదన్నాడు వీడు.

"చూసిందానికి నువ్వు జామీను ఉండు. విన్నదానికి చెప్పినోణ్ణి ఉండనీ," అన్నాడు శెట్టి. "సచ్చినాడంట అనింటే మా ఆడోళ్ళు ముందు అంగడికి మనిషిని పంపిచ్చి కనుక్కొనేవాళ్ళు. నువ్వు సచ్చినాడు అంటివి. ఇంక ఏడ్చక ఏం జేస్తారు వాళ్ళు?"

జామీను అంటే ఏమిటో ఆ బజారులో పసివాడికీ తెలుసు. పోలీసు స్టేషనులోనైనా పంచాయితీలోనైనా, ఈ మనిషికి నాది పూచీ అని ఒకడు పక్కన నిలబడడం. మాటకు కూడా జామీను ఉంటుందని యూనుస్‌కు ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి విన్నదాని వెనక అంట పెట్టకుండా అతను నోరు మూసింది లేదు.

ఆటో మైకు పోయి కేబుల్ టీవీ వచ్చింది. ప్రొద్దుటూరు లోకల్ ఛానల్లో సాయంత్రం వార్తలు అతనే చదివేవాడు, అంటలతో సహా. తరవాత హైదరాబాదు పెద్ద ఛానల్ ఒకటి జమ్మలమడుగుకు విలేకరి కావాలంటే అతన్ని తీసుకుంది. ఛానల్ పేరున్న లోగో పెట్టె ఒకటి మైకుకు తగిలించుకోమని ఇచ్చింది. ఆ పెట్టెను ఖమ్రున్నీసా బీరువాలో జరీ చీరల పక్కన పెట్టేది.

హైదరాబాదు ఆఫీసులో, జిల్లాల నుంచి వచ్చే వార్తలను సరిచేసి వేసే డెస్కు మీద హరిణి అనే అమ్మాయి ఉండేది. యూనుస్ ఆమెను ఎన్నడూ చూడలేదు, రోజూ మాట్లాడేవాడు. మంచి పిల్ల. అన్నా తిన్నావా అని అడిగాకే వార్త అడిగేది. ఆమెకు యూనుస్‌తో ఉన్న తగాదా ఒక్కటే, అంట. అన్నా, చివర్లో అంట వస్తే వాయిస్‌లో బలం పోతోంది, జనం ఛానల్ మార్చేస్తున్నారు అని మొత్తుకునేది. ఆమె బాధా అబద్ధం కాదు. ఒకప్పుడు వార్తలు వేరు, వార్తల మీద వాదనలు వేరు. వార్త విని, టీవీ కట్టేసి, రచ్చబండ మీద కొట్లాడుకోవడం మన పని. ఇప్పుడు ఆ శ్రమ కూడా మనకు లేకుండా చేశారు. వార్త చెబుతూనే దానికి ఎంత కోపం తెచ్చుకోవాలో, ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా ఒక డప్పు చప్పుడుతో కలిపి వడ్డిస్తున్నారు. ఆ వడ్డనలో అంట రాయిలా పంటికి తగులుతుంది.

పైగా తెలుగులో అంట వచ్చేది వాక్యం కొసన. కొసన ఉన్నదాన్ని కోసేయడం శానా తేలిక.

మైలవరం డ్యాం పక్క పల్లెలో బడి పిల్లలకు వాంతులయ్యాయి. మధ్యాహ్నం అన్నం తిన్న కాసేపటికి ఒకరి తరవాత ఒకరు కడుపు పట్టుకుని పడిపోయారు. ఆటోల్లో ఎక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తెచ్చారు. యూనుస్ వెళ్ళేసరికి వరండా నిండా పల్లె జనమే. తల్లులు ఏడుస్తున్నారు. ఏమైందని అడిగితే నలుగురూ ఒకే మాట చెప్పారు. వంటామె మునెమ్మ పాసిపోయిన పప్పు పెట్టింది.

యూనుస్ మైకు తీసి, ఫోను కెమెరా ముందు నిలబడి టీవీ తెలుగులో చెప్పాడు. "వంటమనిషి మునెమ్మ పాచిపోయిన పప్పు పెట్టిందంట. పిల్లల తల్లిదండ్రులు అలా చెబుతున్నారు." డాక్టరమ్మ పిల్లలకు సెలైన్లు పెట్టే హడావుడిలో ఉంది, ఆమెను కదిలించలేదు. మునెమ్మ పల్లెలో ఉంది, అక్కడికి పోలేదు. అంట ఉంది కదా అనుకున్నాడు. ఆ ధైర్యంతోనే పేరు కూడా చెప్పేశాడు.

మొదటి బులెటిన్‌లో అంట ఉంది. తరవాత సాయంత్రం చర్చ కోసం ఆ ముక్కతో ఒక ప్రోమో చేశారు. యూనుస్ ముఖం, వెనక ఆసుపత్రి మంచాలు, "మునెమ్మ పాచిపోయిన పప్పు పెట్టింద" దాకా యూనుస్ గొంతు. అక్కడ కోసి ఢాం అని ఒక చప్పుడు అతికించారు. కొస తెగిపోయింది. గంట గంటకూ అదే వేశారు.

సాయంత్రం చర్చకు పళ్ళెంలో పాపం ఎవరిది అని పేరు పెట్టారు. తెర మీద నాలుగు గళ్ళు, గడికొక పెద్దమనిషి. ఒకాయన ఈ ప్రభుత్వం అన్నాడు, ఇంకొకాయన పాత ప్రభుత్వం అన్నాడు, మూడో ఆయన అసలు ఈ జిల్లాలో ప్రాణానికి విలువ ఎప్పుడుంది అన్నాడు. యాంకరు మధ్యలో యూనుస్‌ను ఫోనులోకి తీసుకుని, గ్రామస్థుల ఆగ్రహం ఏ స్థాయిలో ఉందో చెప్పమన్నాడు. యూనుస్ తడుముకున్నాడు. అందరూ పిల్లల పక్కన కూర్చోనుండారు సార్, గలాటా ఏం లేదు అన్నాడు. చూశారుగా, మాటలు రానంత ఆగ్రహంలో ఉన్నారు అని యాంకరు గడుల్లోకి తిరిగిపోయాడు. కింద అక్షరాల్లో మాత్రం ఆ కొస తెగిన మాటే ఆగకుండా తిరుగుతూనే ఉంది. పైన అరిచేవి వాళ్ళ అభిప్రాయాలు, కింద తిరిగేది జరిగిన సంగతి అనుకున్నారు చూసేవాళ్ళు. అనుకోక ఏం చేస్తారు, అన్నీ ఒకే తెర మీద, ఒకే ఎర్ర రంగులో ఉంటే.

ఆసుపత్రిలోనే తిరుగుతున్న యూనుస్ ఆ ప్రోమో చూడలేదు. పులివెందుల్లో ఆస్మా చూసింది. అత్తగారింట్లో అందరూ మీ నాయన మీ నాయన అని పిలిచి చూపిస్తే చూసి, వెంటనే ఫోను చేసింది.

"అబ్బాజాన్, నీ నోట్లో అంట యాడ పోయింది?" అని అడిగింది.

యూనుస్ ఫోనులో ఆ ప్రోమో తెరిచి చూశాడు. తన గొంతే. తను అనని మాట. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు. ఆటో మలుపు తిరిగాక అంగడి ముందర శెట్టిని చూసినప్పుడు ఎలా అయిందో అలా అయింది. హరిణికి ఫోను చేశాడు. ప్రోమో చేసేది వేరే వాళ్ళు అన్నా, నిడివి కోసం కోసి ఉంటారు, నేను చెబుతాను అంది. చెప్పింది కూడా. అప్పటికే చర్చ అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే పల్లెకు పోయాడు. పిల్లలకు ప్రాణాపాయం లేదని అప్పటికే తేలింది. మునెమ్మ ఇంటి అరుగు మీద చేటలో చెనిక్కాయలు వొలుస్తోంది. యాభై దాటిన మనిషి, మొగుడు లేడు. ఆ బడిలో పొయ్యి వెలిగించినప్పటి నుంచి ఆమే వంట చేస్తోంది. పల్లెలో పెళ్ళయినా దినమైనా పెద్ద గుండిగ ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు. నిన్న సాయంత్రం నుంచి పక్కింటివాళ్ళు మజ్జిగ పోయించుకోవడానికి కూడా రాలేదు. విచారణ అయ్యేదాకా బడికి రావద్దని హెడ్మాస్టరు జగన్నాథం కబురు పంపించాడు. ఆయన ఒప్పుకున్నా పిల్లల తల్లులు ఒప్పుకునేలా లేరు.

తిడుతుందనుకున్నాడు యూనుస్. ఆమె లేచి చెంబు తీసుకుంది.

"నీళ్ళియ్యాల్నా అన్నా, వద్దా? నా చేతి నీళ్ళు తాగుతావో లేదో."

యూనుస్ చెంబు అందుకుని మొత్తం తాగాడు. అప్పుడు అడిగింది ఆమె, పాసిపోయిన పప్పు నువ్వు చూసినావా అని. లేదమ్మా, నేను అంట అన్నా అన్నాడు. మనవరాలు ఫోనులో చూపించింది, అంట లేదు అంది మునెమ్మ. యూనుస్ తన ఫోనులో ఉన్న అసలు ముక్క వినిపించాడు. ఆమె చేట పక్కన పెట్టి, ఇంకోసారి పెట్టమని, తల వంచి విన్నది.

"ఉండాది," అంది. "ఉంటే మాత్రం ఏంది? అంట నీకు అడ్డం నిలబడింది. నాకు యాడ నిలబడిందప్పా?"

యూనుస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా అంట అంటే నిజాయితీ అనుకున్నాడు. చెప్పినవాడి మీదికి రాకుండా కాపాడేదే గానీ, ఎవరి గురించి చెప్పారో ఆ మనిషిని అది కాపాడదని ఎన్నడూ తోచలేదు. ఎలా తోస్తుంది, తను ఎప్పుడూ చెప్పేవాడి వైపే ఉన్నాడు కదా.

అక్కడి నుంచి లేచి, నిన్ననే పోవలసిన చోట్లకు ఈ రోజు పోయాడు. ముందు బడికి. జగన్నాథం మెత్తని మనిషి, పైఅధికారి జీపు చప్పుడుకే చొక్కా గుండీలు సరిచూసుకునే రకం. యూనుస్ అడిగితే మెల్లగా నోరు విప్పాడు. పిల్లలకు వడ్డించే ముందు రోజూ ఒక ముద్ద రుచి చూసేది తనే. ఆ రోజూ తిన్నాడు, ఏమీ కాలేదు. బడి మొత్తం ఆ పప్పే తిన్నా, పడిపోయింది కంచె దగ్గర ఆడుకునే జట్టు పిల్లలే. మరి నిన్ననే ఎందుకు చెప్పలేదంటే, "అడిగిందెవరప్పా? కెమెరాలన్నీ ఆసుపత్రి కాడుండె," అన్నాడు.

కంచెంతా అడవాముదం చెట్లే. మేకలు ముట్టవని నాటిన చెట్లు. కాయలు నల్లబడి పగులుతున్నాయి. కింద కొరికి ఉమ్మేసిన గింజల పొట్టు గుప్పెళ్ళకు గుప్పెళ్ళు పడి ఉంది. లోపలి పప్పు చెనిక్కాయ పప్పులాగే కమ్మగా ఉంటుంది, తిన్న కాసేపటికి కడుపులో పేగులు తోడేస్తుంది. యూనుస్ మోకాళ్ళ మీద కూర్చుని పొట్టు చేత్తో తీసి చూశాడు.

అక్కడి నుంచి ఆసుపత్రికి. డాక్టరమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నా ఈసారి నిలబడి మాట్లాడింది. పిల్లల వాంతుల్లో దొరికిన గింజల ముక్కలు పరీక్షకు పంపడానికి ఒక చిన్న సీసాలో దాచింది, ఆ సీసా చూపించింది. మంచం మీద ఉన్న పిల్లవాణ్ణి యూనుస్ ముందే అడిగింది. వాడు ఇంటర్వెల్లో గింజలు తిన్నామని, ఎవరు ఎక్కువ తింటారో పందెం వేసుకున్నామని, తల్లి కొడుతుందని చెప్పలేదని ఒప్పుకున్నాడు.

యూనుస్ అంతా పంపించాడు. కంచె, పొట్టు, డాక్టరమ్మ మాట, జగన్నాథం మాట. హరిణి అంతా విని, పైవాళ్ళను అడిగి వచ్చింది. తరవాత, అన్నా, పైవాళ్ళు ఆ స్టోరీ చల్లారిపోయిందంటున్నారు, నేను స్క్రోలింగ్‌లో అయినా వేయిస్తాను అంది. మాట నిలబెట్టుకుంది. మధ్యాహ్నం, పైన నగల షోరూము ప్రకటన వస్తుండగా, తెర అడుగున ఒక వరుస పరుగెత్తుకుంటూ పోయింది. విద్యార్థుల అస్వస్థతకు అడవి ఆముదం గింజలే కారణమంటున్న వైద్యులు. అంతే. అందులో మునెమ్మ పేరు లేదు. ఉన్నా ఆమెకు చదువు రాదు.

ఇంకొకటి చూశారా? నింద వేసేటప్పుడు కోసి పారేసిన కొసను నింద తీసేటప్పుడు మాత్రం జాగ్రత్తగా అతికించారు. కారణమంట.

పల్లె కూడా అంతే చేసింది. రెండు రోజులు పోయాక యూనుస్ వెళితే బడి దగ్గర తల్లులు పిల్లల చేతికి బాక్సులు ఇచ్చి పంపుతున్నారు. బడిలో పొయ్యి వెలగడం లేదు. ఏమమ్మా, మునెమ్మ తప్పు లేదని తెలిసింది కదా అంటే, "తప్పు లేదంటన్నా" అన్నారు. ఆ అంట పలికేటప్పుడు ముఖం కాస్త పక్కకు తిరిగింది. పాసిపోయిన పప్పు పెట్టింది, ఇది ఖాయం. తప్పు లేదంట, ఇది ఎవరో అన్నది. యూనుస్ జన్మంతా మోసిన మాట తిరిగి వచ్చి, ఒక ఆడమనిషి పొయ్యి మీద నీళ్ళు పోసి కూర్చుంది. అతనికి కోపం వచ్చింది. హైదరాబాదు మీదా, పల్లె మీదా, అన్నిటికంటే తన మీద.

జగన్నాథాన్ని పిలుచుకుని గుడి దగ్గరికి పోయాడు. పల్లెలో రామాలయానికి మైకు ఉంది. పొద్దున సుప్రభాతం, పండగలకు చందాలు, తప్పిపోయిన ఎద్దులు, అన్నీ అందులోనే. జగన్నాథం పూజారితో మాట్లాడాడు. ఆయన స్విచ్చి వేసి, చూసి పట్టుకో, అప్పుడప్పుడూ షాకు కొడుతుంది అని మైకు చేతికిచ్చాడు. చేలల్లో పనికి పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగి వచ్చే వేళ. ఆటో మైకు వదిలిన ఇన్నేళ్ళకు యూనుస్ మళ్ళీ ఒక ఊరి మొత్తానికి నేరుగా మాట్లాడబోతున్నాడు. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నేను యూనుస్‌ను. అంట యూనుస్‌ను. టీవీలో మీరు విన్న గొంతు నాదే. నేను పాసిపోయిన పప్పు పెట్టిందంట అన్నా. కొస కోసింది వాళ్ళు. ఆమెను అడక్కుండా పేరు చెప్పింది నేను. అది నా తప్పు. ఇప్పుడు చెప్పేది నేను చూసింది. కంచె కింద అడవాముదం గింజల పొట్టు చూసినా. ఆసుపత్రిలో సీసాలో గింజలు చూసినా. తిన్న పిల్లోడు నా ముందరే ఒప్పుకున్యాడు. మునెమ్మ తప్పు లేదంట కాదు. తప్పు లేదు. ఈ మాటకు నేను జామీను."

స్పీకరు కీచుమని ఆగింది. జనం ఒక్కొక్కరే గుడి ముందుకు వచ్చి నిలబడ్డారు. ఒక ముసలాయన భుజాన కండువా దులుపుకుని, నిజమే అయితే ఇది టీవీలో ఎప్పుడు చెప్తావప్పా అని అడిగాడు. టీవీలో రానిది నిజం ఎట్లయితాదనేది ఆయన అనుమానం. ఎగతాళి లేదు ఆ అడగడంలో.

"టీవీలో మీరు చూసింది నా బొమ్మను పెద్దాయనా," అన్నాడు యూనుస్. "దాన్ని యాడ గావాలంటే ఆడ కోసుకుంటారు. ఈడ నిలబడింది నేను. రేపు ఇది అబద్ధమని తేలితే నన్ను పట్టుకోండి. నా ఇల్లు జమ్మలమడుగులో మీకందరికీ తెలుసు."

పక్కనే నిలబడ్డ జగన్నాథం, ఎవరూ అడగకుండానే, ఆ పప్పు నేను గూడా తిన్యా అన్నాడు. మైకు ఆయన చేతిలో లేదు గానీ అందరికీ వినిపించింది. పైఅధికారి ఏమంటాడోనని ఆయన చొక్కా గుండీ ఆ క్షణంలో తడుముకోలేదు. ఆ మాత్రానికే ఆయన మీద గౌరవం కలుగుతుంది.

పల్లెలో ఎవరో ఇదంతా ఫోనులో పట్టి పైకి ఎక్కించారు. పొద్దున్నకల్లా హైదరాబాదు దాకా పోయింది. ఛానల్ పెద్దల్లో ఒకాయన ఫోను చేసి, మన ఛానల్ కోసిందని గుడి మైకులో చెబుతావా, లోగో తిరిగి పంపించు అన్నాడు. యూనుస్ సరే సార్ అన్నాడు. ఖమ్రున్నీసా బీరువా తీసి, ఆ పెట్టెను తుడిచి, పాత పంచె ముక్కలో చుట్టి ఇచ్చింది. ఆమెకు బాధగా లేదని కాదు. హైదరాబాదు పోయే బస్సులో పంపించి వచ్చాక, ఇంక నా మాటకైనా అంట లేకుండా ఉంటుందా అని మాత్రం అడిగింది. కాసేపటికి హరిణి ఫోను వచ్చింది. తిన్నావా అన్నా అని అడిగి, తరవాత ఏడ్చింది. ఊరుకోమ్మా, నువ్వు స్క్రోలింగ్ వేయించినావు కదా అని యూనుసే ఓదార్చాడు.

బడిలో ఆ మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తున్నామని జగన్నాథం కబురు పంపితే బయలుదేరాడు. ఆ పల్లెకు చేతిలో మైకు లేకుండా పోవడం అదే మొదలు. కంచె చెట్లు కొట్టేసి కుప్ప పోశారు. మునెమ్మ కొత్త చీర కట్టుకుని, గుండిగ ముందర, ఎవరి వైపూ చూడకుండా గరిటె తిప్పుతోంది. పిల్లలు వరుసగా కూర్చున్నారు, పళ్ళేలతో కొందరు, బాక్సులతో ఎక్కువమంది. గేటు దగ్గర తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

చేతులు ఖాళీగా ఉంటే ఏం చేయాలో యూనుస్‌కు తెలియలేదు. గోడ దగ్గర ఒక పళ్ళెం కనబడితే తీసుకుని, పిల్లల మధ్యలో చోటు చేసుకుని బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. మునెమ్మ వచ్చి అన్నం పెట్టి పప్పు పోసింది. యూనుస్ కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు. ఆమె కదలకుండా అక్కడే నిలబడింది.

"ఎట్లుండాదన్నా?"

"బాగుంది."

"బాగుందా," అంది మునెమ్మ, "బాగుందంటనా?"

గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. యూనుస్ నోట్లో ముద్ద ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగి, పళ్ళెం మళ్ళీ ఆమె ముందుకు చాపాడు.

"బాగుంది మునెమ్మా. ఇంకొంచెం పొయ్యి."

ఆమె పోసింది. అప్పుడు గేటు దగ్గరి తల్లుల్లోంచి ఒకామె లోపలికి వచ్చి, తన బిడ్డ ముందున్న బాక్సు మూత పెట్టి కొంగులో చుట్టుకుని, గోడ దగ్గర నుంచి ఒక పళ్ళెం తెచ్చి వాడి ముందు పెట్టింది.